ధాపూ వదిన బోడి చేతులు

పేమా అన్న పాదాలు ముందుకే తిరిగి ఉన్నాయి. నేను నా కళ్ళతో చూశాను. ఆ పొద్దున ఆయన్ని చూడగానే లక్కవాళ్ళ వీధిలో పెద్దవాళ్ళంతా తలుపులు బిడాయించుకున్నారు, పిల్లలు చెల్లాచెదురైపోయారు. నేను మాత్రం అక్కడే నిలబడ్డాను. దయ్యానికి మడమలు ముందుకి, వేళ్ళు వెనక్కి ఉంటాయని మా అమ్మ చెప్పేది. అందుకని వంగి చూశాను. వేళ్ళు పగిలి, గోళ్ళలో ఎక్కడిదో నల్లమట్టి ఇరుక్కుని, మామూలు మనిషి పాదాల్లాగే ఉన్నాయి. కింద నీడ కూడా పడుతోంది.

"ఏమే నారంగీ, అంత పొడుగైపోయావు! వీధి ఇలా ఉందేం? ఎవరైనా పోయారా?" అని ఆయనే అడిగాడు.

ఏం చెప్పను? పోయింది నువ్వే అన్నా, నీ పన్నెండో రోజు భోజనంలో నేను లడ్డూ కూడా తిన్నాను అని చెప్పనా? ఆయన తలకి పసుపురంగు తలపాగా ఉంది. అది తోటమాలీలు కట్టుకునేది. లక్కవాళ్ళు కట్టేది కాదు.

మేం మంగలివాళ్ళం. బీకానేర్ కోట కింద వీధుల్లో పెళ్ళికూతురికి గోరింటాకు పెట్టాలన్నా, బాలింతకి నీళ్ళు పోయాలన్నా మేమే. మొగుడు పోయిన ఆడదాని గాజులు పగలగొట్టాలన్నా మేమే. అప్పుడు మా అమ్మ, ఆ తర్వాత నేను. నన్ను పక్కవీధిలోనే ఇచ్చారు కాబట్టి అమ్మ చూసుకునే ఇళ్ళన్నీ నాకే వచ్చాయి. పొద్దున్నే ఎదురొస్తే కొత్తకోడళ్ళు నన్ను చూసి మొహం తిప్పుకుంటారు. తిప్పుకోనీ. గోరింటాకు కావాల్సివస్తే ఆ మొహమే మళ్ళీ ఇటు తిరుగుతుంది.

మా ఊరి చరిత్ర గురించి ఇప్పుడు ఎవరు పడితే వాళ్ళు చెబుతున్నారు. ఏ రాజు కట్టించాడు, ఎవరితో యుద్ధం చేశాడు, ఎంత బంగారం పూయించాడు అని. చెప్పుకోనీండి, వాళ్ళ పొట్టకూడు అది. నాకు తెలిసిందల్లా ఆడవాళ్ళ చేతుల సంగతి. అది ఎక్కువగా ధాపూ వదిన దగ్గర తెలుసుకున్నాను.

ధాపూ అంటే మావైపు "ఇక చాలు" అని. వరసగా ఆడపిల్లలు పుడుతుంటే ఆఖరిదానికి పెట్టే పేరు. ఆ చాలు పిల్ల పేమా అన్నకి పెళ్ళామై మా వీధికి వచ్చింది. లక్కగాజులు చేయడంలో ఆవిడ చెయ్యి చూస్తే పాతకాపులు కూడా కిక్కురుమనేవాళ్ళు కాదు. కుంపటి మీద లక్క వేడి చేసి, సన్నగా సాగదీసి, చెక్కతో బిళ్ళ మీద దొర్లించి, పూసలూ అద్దపు ముక్కలూ అతికించేది. దాన్ని మణికట్టు చుట్టూ తిప్పి, అక్కడికక్కడే రెండు కొసలూ కలిపేసేది. చర్మం చురుక్కుమనేలోపు అతుకు కనపడకుండా పోయేది.

కోటలో రాణివాసానికి గాజులు వేసే ఇల్లు వాళ్ళది. అత్తగారి వెనకాల వదిన కూడా వెళ్ళేది. అక్కడ తెర వెనకనుంచి ఒక చెయ్యి బయటికొస్తుంది, అంతే. మొహం కనపడదు, మాట వినపడదు. వదిన ఆ చెయ్యి పట్టుకుని గాజు వేసి వచ్చేసేది. ఇంటికొచ్చాక నాతో అనేది: "ఇవాళ్టి రాణీ రాత్రంతా ఏడ్చింది నారంగీ. చెయ్యి ఉబ్బి ఉంది."

కోట లోపలి ద్వారం పక్కన గోడకి కూడా చేతులున్నాయి. రాతిలో చిన్న చిన్న అరచేతులు, వరసగా, పైన సిందూరం. రణంలో పోయిన రాజుల వెంట చితికి వెళ్ళిన రాణులు గడప దాటుతూ పెట్టిన ముద్రలు. అందరం దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోతాం. కొత్తకోడలిగా మొదటిసారి వెళ్ళినప్పుడు వదిన అక్కడ ఆగిపోయిందట. "అత్తా, ఇది రెండున్నర సైజు. దీని పక్కది రెండుంబావు. అయ్యో, ఇది చూడు, పసిపిల్ల చెయ్యి, దీనికి మన దగ్గర అచ్చే లేదు" అందట. అత్తగారు అక్కడే నెత్తిన ఒక్కటిచ్చింది. ఆవిడ కొలత చూసింది, మరేం చేస్తుంది? గాజులవాళ్ళు చేతిని చూస్తే ముందు కొలతే చూస్తారు.

ఆ తర్వాత మాత్రం వదిన ఆ ద్వారం దగ్గర తల దించుకునే నడిచేది. ఎందుకని అడిగితే గాజుల చప్పుడు వినిపిస్తుంది అంది.

"లక్కగాజులకి చప్పుడెక్కడిది వదినా? గాజుగాజులైతే గలగలమంటాయి గానీ."

"గలగల కాదు. లక్కది లక్కదానికి తగిలితే టకటకమంటుందే, ఎముకలు తగిలినట్టు. అది."

అదిగో, అప్పట్నుంచీ నేను కూడా అక్కడ చెవులు మూసుకునే నడుస్తున్నాను. ఇప్పటికీ.

పెద్ద యుద్ధం వచ్చింది. రాజావారి ఒంటెల దళం సముద్రం దాటి ఏడెన్ వైపు వెళ్ళింది. సైనికుల వెంట పనివాళ్ళు కూడా వెళ్ళారు. కత్తి పిడిలో లక్క పోసి బిగించడం పేమా అన్నకి వచ్చు కాబట్టి ఆయన్ని తీసుకెళ్ళారు. ఒంటెలకి మేత కోయడానికి సుర్జా అని ఒక తోటమాలీ వెళ్ళాడు. వీళ్ళు జీతం రాసుకున్న సైనికులు కారు. వాళ్ళ ఇళ్ళకి కబురు చెప్పే దిక్కే లేదు. బయల్దేరే రోజు వదిన మొగుడి తలపాగా కొసకి వేడి లక్క ఒక చుక్క అంటించింది. చాకలి దగ్గర మారిపోకుండా వాళ్ళింట్లో బట్టలన్నిటికీ అలా గుర్తు పెట్టేవాళ్ళు. ఎర్రటి తలపాగా మీద ఎర్రటి చుక్క. "వెళ్ళిరండి" అంది గడపలో నిలబడి. చేతుల నిండా గాజులున్నాయి.

ఆ తలపాగా తిరిగొచ్చింది. మనిషి రాలేదు.

మా ఊళ్ళో మగాడి తలపాగా మనిషి లేకుండా ఇంటికొస్తే ఎవరూ ఏమీ అడగరు. తెచ్చినవాడు పళ్ళెంలో పెట్టి గడప మీద దించుతాడు, వట్టి తలతో నిలబడతాడు. పోయినవాడి పేరు నోట పలకడు. పలికితే ఆ చావు పలికినవాడి ఇంటికే వస్తుందని భయం. రాజుల కాలం నుంచీ ఇంతే. రణం నుంచి తలపాగా వచ్చేది, అంతఃపురంలో ఆవిడ లేచి స్నానం చేసేది, గోడకి చెయ్యి అద్ది వెళ్ళిపోయేది. ఇది ఎవరిది, నువ్వు కళ్ళారా చూశావా అని ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. అడగకపోవడమే మర్యాద మా దగ్గర. మర్యాద మండిపోనూ!

వదిన కొసలో లక్కచుక్క చూసుకుంది. అంతే. మా అమ్మ ఆవిడ చేతులు గడప మీద పెట్టి రాయి ఎత్తింది. లక్క అద్దంలాగా చిట్లి పడదు, మొండిది. మళ్ళీ మళ్ళీ కొట్టాలి. పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడ్డాను నేను. వదిన చేతులు కమిలిపోయి నల్లబడ్డాయి. అమ్మ ఏడుస్తూనే కొట్టింది. శవం లేదు కాబట్టి తలపాగానే చితి మీద పెట్టి కాల్చారు. పన్నెండో రోజు భోజనాలు పెట్టారు. వదిన తలమీద కప్పుకునే రంగుల ఓఢ్ని తీసేసి మట్టిరంగుది కప్పుకుంది. విధవ గాజు చేయొచ్చు గానీ ముత్తైదువ చేతికి వేయకూడదు. అందుకని వెనకగదిలో కుంపటి దగ్గర కూర్చుంది. వేసే పని తోడికోడలికి పోయింది. కోటకి వెళ్ళడం కూడా ఆగిపోయింది.

మూడేళ్ళ తర్వాత పసుపు తలపాగాతో పేమా అన్న వీధిలోకి నడిచొచ్చాడు.

అన్న చెప్పిందీ, ఆ తలపాగా తెచ్చినవాణ్ణి వెతికి అడిగితే చెప్పిందీ కలిపితే జరిగింది ఇదీ. అక్కడ పరాయిగడ్డ మీద పేమా అన్న, సుర్జా తలపాగాలు మార్చుకున్నారు. తలపాగాలు మార్చుకుంటే అన్నదమ్ములైపోతారు మా దగ్గర, రక్తం పంచుకున్నవాళ్ళకంటే ఎక్కువ. ఎర్రది సుర్జా కట్టుకున్నాడు, పసుపుది అన్న కట్టుకున్నాడు. తర్వాత ఇద్దర్నీ వేర్వేరు చోట్లకి పంపారు. సుర్జా జ్వరమొచ్చి పోయాడు. శవాన్ని సముద్రంలో వదిలారు, తలపాగాని మాత్రం ఊరికి వస్తున్న ఒక ముసలి సైనికుడి చేతిలో పెట్టారు. లక్కరంగు, లక్కచుక్క. చూడగానే ఆ ముసలాయన ఇది లక్కవాళ్ళ వీధిది అనుకున్నాడు. గడప మీద పెట్టాడు. ఆచారం ప్రకారం నోరు విప్పలేదు. ఆచారం ప్రకారం మేమూ అడగలేదు.

ఇప్పుడు చచ్చినవాడు బతికొస్తే ఏం చేయాలి? పంతులు దానికీ ఒక దారి చూపించాడు. కర్మలు జరిగిపోయాయి కాబట్టి మళ్ళీ పుట్టించాలన్నాడు. అంత మీసాల మనిషినీ ముడుచుకుని పడుకోబెట్టి, నీళ్ళు పోసి, దూదివత్తితో పాలు పట్టి, చెవిలో పేరు పెట్టారు. చూస్తున్న ఆడవాళ్ళం కొంగులు నోట్లో కుక్కుకున్నాం. అన్న కూడా పాలు తాగుతూ కన్ను గీటి, "నారంగీ, ఉయ్యాల తేవే" అన్నాడు. ఇక పెళ్ళొక్కటే మిగిలింది. మళ్ళీ పుట్టినవాడు పెళ్ళాన్ని మళ్ళీ పెళ్ళాడాలి. ధాపూ వదినకి గోరింటాకు నేనే నూరాను.

పెళ్ళికి ముందురోజు అన్న ఆ పసుపు తలపాగా తీసి చేత్తో పట్టుకుని ఊరి గేటు దగ్గర కూరలమ్మే కేసర్ దగ్గరికి వెళ్ళాడు. కేసర్ సుర్జా పెళ్ళాం. అమ్మా, నేనూ, వదినా వెనకాల వెళ్ళాం. కేసర్ దోసకాయలు ఏరుతోంది. మోచేతుల దాకా గాజులు. అవన్నీ వదిన చేసినవే. మూడేళ్ళుగా ప్రతి గంగౌర్ పండక్కీ మా వీధికొచ్చి కొత్తవి వేయించుకుని, మొగుడు పదికాలాలు ఉండాలని దణ్ణం పెట్టుకుని వెళ్ళేది.

అన్న పళ్ళెంలో పెట్టి ఊరుకోలేదు. ఆచారం గీచారం ఏమీ చూడకుండా నోరు విప్పి చెప్పాడు. "సుర్జా పోయాడు చెల్లీ. జ్వరమొచ్చి పోయాడు. మూడేళ్ళయింది."

కేసర్ కాసేపు ఆ తలపాగాని నిమిరింది. "మూడేళ్ళా?" అంది. "మరి నేను నిన్నగాక మొన్న వేయించుకున్నానే అన్నా, కొత్తవి" అంది. ఆ తర్వాత ఏడ్చింది. అమ్మ ఆవిడ చేతులు బండమీద పెట్టింది. అంతా అయ్యాక కేసర్ ధాపూ వదిన వైపు తిరిగి, కోపంగా కాదు, జాలిగా అంది: "నా చావు మోసుకున్నావా అక్కా ఇన్నాళ్ళూ? పాపం, నీకెంత కష్టం."

తిరిగొచ్చేటప్పుడు దారిలో కోట కనిపిస్తే వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నారంగీ, ఆ గోడమీద చేతులున్నాయే, వాళ్ళలో ఎంతమంది మొగుళ్ళు ఆ రోజుకి బతికే ఉన్నారంటావు?" అంది. ఎండ మండిపోతోంది, నా పళ్ళు మాత్రం టకటక కొట్టుకున్నాయి.

మర్నాడు పందిట్లో తోడికోడలు గాజులు పట్టుకొస్తే వదిన చేతులు వెనక్కి పెట్టేసుకుంది. "నేను వేసుకోను. పెళ్ళి వద్దు. మనిషి ఇంట్లో ఉంటే ఉండనీండి, వండి పెడతాను. గాజులు మాత్రం వేసుకోను."

బతిమాలారు. తిట్టారు. అత్తగారు గుండెలు బాదుకుంది. పంతులు శాస్త్రం చదివాడు. పేమా అన్న పెళ్ళిబట్టల్లో నిలబడి పెళ్ళాం మొహంలోకే చూస్తున్నాడు. ఆవిడ ఆయన వైపు చూడను కూడా లేదు.

అప్పట్నుంచీ ఆ ఇంట్లో మొగుడు బతికుండగానే ఆడది విధవగా బతికింది. వీధి ఊరుకుంటుందా? నానారకాలుగా అనుకుంది. కేసర్ ఉసురు తగులుతుందని భయపడిందన్నారు కొందరు. ఆ వచ్చింది మొగుడు కాదు, వాడి రూపంలో మరెవరో, అది పెళ్ళానికి తెలిసిపోయింది అన్నారు చాలామంది. టీ కొట్టువాడు అన్నకి వేరే ముంత పెట్టాడు. ఆయన వస్తుంటే గర్భిణీలు పక్కకి తప్పుకునేవాళ్ళు. పిల్లలు ఆయన నీడ తొక్కడానికి పందాలు కాసేవాళ్ళు. నీడని తొక్కితే దయ్యం ఆగిపోతుందట! ఆయన కూడా నవ్వుతూ ఆగిపోయేవాడు, వాళ్ళ సరదా కోసం.

వదిన ఆయనతో నేరుగా మాట్లాడేది కాదు. ఇంట్లో ఒక మేక ఉండేది, దాని పేరు లాలీ. ఏదైనా దానితోనే.

"లాలీ, రొట్టె చల్లారిపోతోందని చెప్పు ఆయనకి."

"లాలీ, మజ్జిగ కడీలో ఉప్పెక్కువైందని చెప్పవే ఆవిడకి. తిని పోతానేమో."

"దయ్యాలకి ఉప్పు పడదేమో అడుగు లాలీ."

ఆ మేక చచ్చిపోతే ఇంకో మేక వచ్చింది. దానికీ లాలీ అనే పేరు పెట్టారు. ఎన్ని లాలీలు మారాయో నాకు లెక్క లేదు. ఆ ఇంటి గుట్టంతా ఆ మేకలకే తెలుసు.

రాజ్యం పోయింది. ఒంటెల దళమూ, రాణివాసమూ కథల్లోకి వెళ్ళిపోయాయి. కోటకి టికెట్టు పెట్టారు. పేమా అన్నకి అక్కడే లోపలి ద్వారం దగ్గర కాపలా పని దొరికింది. సరిగ్గా ఆ చేతుల పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేవాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ చేతుల కథేంటని అడిగితే, "నాకేం తెలుసు, మా ఇంటావిడ్ని అడగండి, కొలతలతో సహా చెబుతుంది" అనేవాడు. నవ్వేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు. లోపల ఏమీ లేని నవ్వు.

ప్రతి గంగౌర్‌కీ ఊళ్ళో ఆడవాళ్ళంతా చేతుల నిండా వేసుకుని గౌరమ్మని ఊరేగిస్తుంటే, అన్న తన చేత్తో ఒక జత లక్కగాజులు చేసి కుంపటి పైన గూట్లో పెట్టేవాడు. చేసేది కత్తిపిడుల పనివాడు కాబట్టి గాజులు మోటుగా ఉండేవి. "లాలీ, ఈ ఏడాదైనా వేసుకోమని చెప్పు" అనేవాడు. మర్నాడు పొద్దున్నే వదిన వాటిని కొట్లో పెట్టి అమ్మేసేది. "లాలీ, గిరాకీ బాగుందని చెప్పు" అనేది. నాకు ఒళ్ళు మండిపోయేది. ఓసారి మొహం మీదే అడిగేశాను. "ఏం వదినా, నువ్వు మనిషివేనా? ఆయన అడిగేదేంటి, బంగారమా? నీ చేతికి ఒక్కసారి గాజు చూసి పోదామని కదా!"

"చూసి పోదామనే" అంది వదిన. ఇంకేం చెప్పలేదు. అప్పుడు ఆ మాట నాకు అర్థం కాలేదు.

అన్న కూడా రానురానూ మారిపోయాడు. ఒకరోజు నేను కోటలో పని చూసుకుని వస్తుంటే స్టూలు మీంచి పిలిచాడు. సాయంకాలం, జనం వెళ్ళిపోయారు. గాలికి ఇసుక ద్వారం కిందనుంచి సన్నగా జారుతోంది.

"నారంగీ, నిజం చెప్పవే. ఆ రోజు నా పాదాలు నువ్వు చూశావు కదా?"

"చూశాను అన్నా."

"ముందుకే ఉన్నాయా?"

"ముందుకే ఉన్నాయి."

"మరి నాకే అనుమానంగా ఉంటుందే. ఆ ఎర్ర తలపాగాలో పోయింది నేనేనేమో. సుర్జాయే నా మొహం పెట్టుకుని వచ్చాడేమో. సొంత పెళ్ళానికే నమ్మకం లేకపోతే ఇక నేను ఉన్నానని ఎవరు చెబుతారు?" అన్నాడు. వెనక గోడ మీద ఆ చిన్న చేతులన్నీ మా మాటలు వింటున్నట్టే ఉన్నాయి. నేను ఆయన పాదాలకి దణ్ణం పెట్టి ఇంటికొచ్చేశాను.

విచిత్రమేమిటంటే ఆయనకి ఏమీ అయ్యేది కాదు. పాత బావి గోడ కూలినప్పుడు పక్కనున్నవాళ్ళు పోయారు, ఈయన దుమ్ము దులుపుకుని లేచాడు. గడ్డివాములో పాము కరిచింది, విషం ఎక్కలేదు. వడదెబ్బకి ఊరు ఊరంతా పడిపోయిన ఏడాది ఈయన స్టూలు మీద కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు. చచ్చినవాడికి చావేంటి అనేవాళ్ళు మా వీధివాళ్ళు. ఆ మాట వినపడినప్పుడల్లా వదిన ఏ దేవుడికో దణ్ణం పెట్టుకునేది. నేను చూశాను.

ఆఖరికి ఛాతీ పట్టేసింది. ఆసుపత్రివాళ్ళు చూసి, ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ముంగిట్లో మంచం వేశారు. శ్వాస లోపలికి పోతే బయటికి రాదు, బయటికొస్తే లోపలికి పోదు. గంగనీళ్ళు పోశారు, తులసాకు వేశారు, ఆవుని దానమిచ్చారు. ప్రాణం పోదు. రోజులు గడుస్తున్నాయి. కళ్ళు గుంటలు పడ్డాయి, గొంతులోంచి రంపం కోతలాంటి చప్పుడు. చూసిపోవడానికి వచ్చినవాళ్ళు గుమ్మం దాటగానే గుసగుసలాడుకునేవాళ్ళు: "ఒకసారి పోయినవాడు కదా. ఇతని కోసం ఇంక ఎవరొస్తారు? దారి తెలీక కొట్టుకుంటున్నాడు."

ఆ మాట వదిన విన్నది. నన్ను వెనకగదిలోకి లాక్కెళ్ళింది. అప్పటికి డెబ్భైకి దగ్గరపడింది ఆవిడకి. అయినా పట్టుకుంటే నా చెయ్యి నొప్పెట్టింది.

"నారంగీ, తప్పు నాదేనే" అంది. "నేనే ఆపాను ఆయన్ని."

"ఏం మాటలు వదినా ఇవి?"

"చావు ఒకసారి ఈ గడప దాకా వచ్చింది. ఈయన కోసమే అనుకుని వచ్చింది. మీ అమ్మ నా గాజులు పగలగొట్టింది, చావు చూసుకుని వెళ్ళిపోయింది, ఈ ఇంట్లో పని అయిపోయిందని. ఆయన తిరిగొచ్చాడు. కేసర్ గాజులు పగలగొట్టిన రోజున నాకు తెలిసిపోయిందే. నేను గాజులు వేసుకుంటే చావు మళ్ళీ తొంగిచూస్తుంది, అరే, వీడు బతికే ఉన్నాడే అనుకుంటుంది. బోడి చేతులు కనిపించినన్నాళ్ళూ లోపలికి రాదు. బావి గోడ కూలితే వచ్చిందా? పాము కరిస్తే వచ్చిందా? చెప్పు!"

నలభై చిల్లర ఏళ్ళు ఆ మనిషి తాను దయ్యాన్నేమో అనుకుంటూ బతికాడు. ఈవిడేమో ఆయన బతకాలని బోడి చేతులతో బతికింది.

"ఆయనకి ఒక్కమాట చెప్పొచ్చు కదా వదినా! ఎంత కుమిలిపోయాడో నీకు తెలుసా?"

"తెలీకపోవడమేంటే? ఒకే గోడకి అటూ ఇటూ పడుకున్నాం. పైకి చెబితే చావు వినదా? అందుకే మేకతో మాట్లాడాను. ఆయన పేరు గానీ, ఏవండీ అన్న మాట గానీ నా నోట్లోంచి వస్తే ఆయన ఉన్నట్టు తెలిసిపోతుంది కదా." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇప్పుడు చూడు, పోనివ్వడం కూడా నా చేతుల్లోనే పెట్టాడు దేవుడు. కుంపటి రాజెయ్యి."

రాజేశాను. పొద్దు పైకొచ్చింది, ముంగిట్లో ఎండ పరుచుకుంటోంది. వదిన పెట్టె అడుగునుంచి ఒక బట్టముడి తీసింది. విప్పితే లక్క ముక్కలు, పాతబడి నల్లగా ఉన్నాయి, అక్కడక్కడ అద్దం తళుక్కుమంటోంది. మా అమ్మ పగలగొట్టిన గాజులు. పారేయాల్సినవి, దాచుకుంది. లక్క చెడిపోదు కదా, కరిగిస్తే మళ్ళీ మొదటికొస్తుంది. కరిగించింది, సాగదీసింది, దొర్లించింది. ఆ వయసులోనూ అతుకు కనపడలేదు. తన మణికట్టుకి తనే వేసుకుంది, రెండు చేతులకీ. పెట్టెలోంచి పెళ్ళినాటి ఎర్ర ఓఢ్ని తీసి కప్పుకుంది. అది మడతల దగ్గర చిరిగిపోయి ఉంది.

ముంగిట్లోకి నడుచుకుంటూ వెళ్ళి మంచం పక్కన కూర్చుంది. మేక అరిచింది. "ఉండవే, ఇవాళ నీతో కాదు" అంది.

"ఏవండీ. ఇటు చూడండి."

అన్న కళ్ళు తెరిచాడు. ముందు ఓఢ్ని చూశాడు. తర్వాత చేతులు. ఆ రంపం చప్పుడు ఆగింది. చాలాసేపు చూశాడు. తర్వాత పెదవులు కదిలితే నేను కూడా చెవి వంచాను.

"వదులైపోయాయే" అన్నాడు. "ఊరందరి కొలతలూ తెలుసు. నీ చేతి కొలత నీకే తెలీలేదా ధాపూ?"

నిజమే. చేతులు ఎండిపోయాయి, గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. వదిన నవ్వింది. ఆ నవ్వు నేను చిన్నప్పుడు చూసిందే. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతూనే ఉంది. ఆయన తలమీద చెయ్యి వేసి నిమురుతుంటే గాజులు ఒకదానికొకటి తగిలి టకటకమన్నాయి. ఆ చప్పుడు వింటూ కళ్ళు మూసుకున్నాడు.

"ఇన్నాళ్ళూ ఉన్నది మీరేనండీ" అంది వదిన. "నాకు మొదటిరోజే తెలుసు. ఇక వెళ్ళిరండి."

మధ్యాహ్నం రొట్టెల వేళకి ప్రాణం పోయింది. నెమ్మదిగా, నిద్రపోయినట్టే.

వీధంతా పోగైంది. ఆడవాళ్ళు గోడ వెంట కూర్చుని ఏడుస్తూ మధ్యమధ్య ఆ ఎర్ర ఓఢ్ని వైపు చూసి ముక్కున వేలేసుకుంటున్నారు. ఆ పని చేయాల్సింది నేను. రాయి చేతిలోకి తీసుకున్నాను గానీ చెయ్యి లేవడం లేదు. పంతులు కొడుకు గొణిగాడు, శాస్త్రప్రకారం ఈవిడ ఎప్పుడో విధవే కదా, మళ్ళీ పగలగొట్టడమేంటని. తోడికోడలు లేచి వదిన భుజం పట్టుకుని, తీసేసుకుని పక్కన పెట్టెయ్యి, చాలు అంది.

వదిన ఆవిడ చెయ్యి తోసేసింది. గడప దగ్గరికొచ్చి, మా అమ్మ ఎక్కడ పెట్టించిందో సరిగ్గా అక్కడే రెండు చేతులూ పెట్టింది.

"కొట్టు నారంగీ" అంది. "గట్టిగా కొట్టు, వీధంతా వినాలి. పోయినసారి పగిలినవి కేసర్ మొగుడివి. ఇవి నా మొగుడివి."